గ్రానైట్ నేల మీద నాలుగు చక్రాల బైకు

స్పోర్ట్ ఏటీవీ కొనాలనుకునే నల్లగొండ, పాలమూరు వాసులు సీసీల కన్నా ముందు తెలుసుకోవాల్సింది తమ కాళ్ల కింది రాయి గురించి

మలుపు వస్తే మోటార్ సైకిల్ పక్కకు ఒరుగుతుంది, మలుపు దాటగానే లేచి నిటారుగా సాగిపోతుంది. దానికన్నా రెండు చక్రాలు ఎక్కువున్న ఏటీవీ అదే మలుపులో, అదే వేగంతో పోతే బోల్తా పడవచ్చు. రెండు చక్రాల మీద నిలబడ్డది పడకపోవడం ఏమిటి, నాలుగు చక్రాల మీద నిలబడ్డది పడటం ఏమిటి?

షాద్‌నగర్, ఆమనగల్లు, చౌటుప్పల్ దారుల్లో ఫాంహౌస్‌లు, రిసార్టులు పెరిగినకొద్దీ ఈ బండి మనవాళ్లకు పరిచయమైంది. వెడల్పాటి బుడగ టైర్లు, మోటార్ సైకిల్ లాంటి హ్యాండిల్, రెండు వైపులా కాళ్లు వేసి కూర్చునే సీటు. రిసార్టులో కాసేపు నడిపి దిగినవాళ్లలో కొందరికి సొంతంగా ఒకటి కొనాలనిపిస్తుంది. అప్పుడు వాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు: ఎన్ని సీసీలు? ధరెంత? అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: దీన్ని ఏ నేల మీద నడపబోతున్నాం? నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) మెట్టప్రాంతంలో బండి ఎన్నేళ్లు పనిచేస్తుందో, నడిపినవాళ్లు క్షేమంగా ఇంటికి వస్తారో లేదో తేల్చేది ఈ మూడో ప్రశ్నే.

ఏటీవీల్లో రెండు జాతులు

ఏ నేల మీదైనా నడిచే బండి (ఆల్ టెరైన్ వెహికల్) అని పేరున్నా ఏటీవీలన్నీ ఒకటి కావు. మొదటిది యుటిలిటీ ఏటీవీ, అంటే పనిబండి. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందుతుంది. ముందూ వెనుకా సామాను పెట్టుకునే స్టాండ్లుంటాయి, చిన్న ట్రాలీని లాగగలదు, గేర్లు మార్చే పని ఉండదు. బరువు చాలా మోడళ్లలో 300 కిలోలు దాటుతుంది.

రెండోది స్పోర్ట్ ఏటీవీ. ఇది బరువు మోయడానికి పుట్టలేదు. వెనుక చక్రాలకు మాత్రమే, అదీ చైను ద్వారా, బలం అందుతుంది. క్లచ్, గేర్లు చాలావరకు మోటార్ సైకిల్ పద్ధతిలోనే ఉంటాయి. గుంతల మీద ఎగిరి దిగినా తట్టుకునేలా సస్పెన్షన్ పొడవుగా కదులుతుంది. యమహా రాప్టర్ 700 ఈ జాతికి మంచి ఉదాహరణ. 686 సీసీల ఒకే సిలిండర్ ఇంజిన్, దాదాపు 190 కిలోల బరువు. డకార్ ర్యాలీలో 2009 నుంచి 2024 దాకా నడిచిన క్వాడ్, అంటే నాలుగు చక్రాల బైకుల విభాగంలో ఎక్కువసార్లు గెలిచింది ఈ బండే.

తోటలో ఎరువు బస్తాలు మోయడానికి, మందు కొట్టే ట్యాంకు లాగడానికి స్పోర్ట్ ఏటీవీ కొంటే డబ్బు వృథా. అది చేసే పని ఒక్కటే, వదులు నేల మీద వేగంగా, చురుగ్గా కదలడం. ఆ చురుకుతనం ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే దాని ప్రమాదం ఎక్కడుందో కూడా తెలిసిపోతుంది.

ఎడ్లబండి తిరిగినట్టు ఇది తిరగదు

ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు రెండు చక్రాలనూ గమనించండి. బయటి చక్రం ఎక్కువ దూరం తిరుగుతుంది, లోపలిది తక్కువ. ఇరుసు కదలకుండా ఉంటుంది. దాని చివర్లలో సీలతో నిలిచిన చక్రాలు దేనికది విడిగా తిరుగుతాయి. అందుకే బండి సునాయాసంగా మళ్లుతుంది.

స్పోర్ట్ ఏటీవీ వెనుక భాగంలో ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. ఇక్కడ ఇరుసే తిరుగుతుంది, రెండు చక్రాలూ దానికి గట్టిగా బిగించి ఉంటాయి. ఒకటి ఒక చుట్టు తిరిగితే రెండోదీ సరిగ్గా ఒకే చుట్టు తిరగాలి. కానీ మలుపు ఆ రెండింటినీ వేర్వేరు దూరాలు పొమ్మంటుంది. వెనుక చక్రాల మధ్య దూరం ఒక మీటరు అనుకుందాం. తూర్పుకు పోతున్న బండి ఉత్తరానికి మళ్లితే, అంటే పావు చుట్టు తిరిగితే, బయటి చక్రం లోపలి చక్రం కన్నా సుమారు మీటరున్నర ఎక్కువ దూరం పోవాలి. ఇరుసు ఒకటే కాబట్టి ఆ మీటరున్నర లెక్క సరిపోవాలంటే ఏదో ఒక టైరు నేల మీద జారక తప్పదు.

కార్లలో, ట్రాక్టర్లలో ఈ చిక్కును డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె తీరుస్తుంది. ట్రాక్టర్ నడిపేవాళ్లకు డిఫరెన్షియల్ లాక్ కూడా తెలుసు. బురదలో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే ఆ లాక్ తొక్కి రెండు చక్రాలనూ కలుపుతారు. గట్టి నేల మీదికి రాగానే లాక్ తీసేస్తారు, లేకపోతే ట్రాక్టర్ మలగనని మొరాయిస్తుంది. స్పోర్ట్ ఏటీవీకి ఆ లాక్ ఎప్పుడూ పడే ఉంటుంది, తీసే వీలే లేదు.

తయారీదారులు కావాలనే ఇలా చేశారు. డిఫరెన్షియల్ లేకపోతే బరువు తగ్గుతుంది, విరిగే భాగాలు తగ్గుతాయి, వదులు మట్టిలో రెండు చక్రాలూ సమానంగా నెడతాయి. మొరం మీద, ఇసుక మీద టైరు తేలిగ్గా జారుతుంది కనుక యాక్సిలరేటర్‌తోనే బండి వెనుక భాగాన్ని పక్కకు జార్చి మలుపు తిప్పవచ్చు. తారు రోడ్డు మీద, ఊళ్లలోని సిమెంటు రోడ్ల మీద టైరు జారదు, నేలను పట్టేస్తుంది. అప్పుడు బండి మలుపు తీసుకోకుండా నేరుగా పోవచ్చు, లేదా లోపలి చక్రం గాలిలోకి లేవవచ్చు. రోడ్డు బాగుంటే ప్రమాదం తక్కువని మనకు అలవాటైన నమ్మకం. ఈ బండి విషయంలో ఆ నమ్మకాన్ని పక్కన పెట్టాలి.

బోల్తా ఎందుకు పడుతుంది?

వేగంగా మలుపు తిరిగే ఏ బండినైనా ఒక బలం బయటి వైపు తోస్తున్నట్టు ఉంటుంది. మోటార్ సైకిల్ మనిషితో సహా లోపలికి ఒరిగి, ఆ తోపునూ తన బరువునూ కలిపి సరిగ్గా టైరు నేలను తాకే చోటికి పంపుతుంది. అందుకే పడదు. ఏటీవీకి నాలుగు చక్రాలుండటం వల్ల ఒరగడం చేతకాదు. తోపు నేరుగా బండిని బయటి చక్రాల మీదుగా తిరగదోయాలని చూస్తుంది. రాళ్లకు తగలకుండా బండి కడుపును ఎత్తులో పెట్టారు, దాని మీద మనిషి ఇంకా ఎత్తులో కూర్చున్నాడు. బరువు ఎంత ఎత్తులో ఉంటే తిరగదోయడం అంత సులువు.

దీనికి విరుగుడు మనిషి ఒళ్లే. 170 కిలోల బండి మీద 70 కిలోల మనిషి కూర్చుంటే మొత్తం బరువులో దాదాపు 30 శాతం అతనిదే. కారులో డ్రైవరు కదిలినా కదలకపోయినా తేడా ఉండదు, ఇక్కడ ఆ 30 శాతం ఎటు వాలితే బండి నిలకడ అటు మారుతుంది. అందుకే మలుపులో బయటి వైపు ఫుట్‌రెస్ట్ మీద బలం వేసి, నడుము పైభాగాన్ని లోపలికి వంచాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి, దిగేటప్పుడు వెనక్కి జరగాలి.

వెనుక ఇంకొకరిని ఎక్కించుకోవద్దనే నియమం ఇందులోంచే పుట్టింది. సీటు పొడవుగా కనిపించేది ఇద్దరి కోసం కాదు, ఒక్కరు ముందుకూ వెనక్కీ జరగడం కోసం. వెనుక మనిషి కూర్చుంటే నడిపేవాళ్లకు కదిలే చోటు పోతుంది, బరువంతా వెనక్కి చేరుతుంది. చెరువు కట్ట లాంటి ఏటవాలు ఎక్కుతున్నప్పుడు ముందు చక్రాలు లేచి బండి వెల్లకిలా పడవచ్చు, పడితే దాని కింద ఇద్దరూ ఉంటారు.

మన చెలకల్లో ఇంకొక ప్రమాదం ఉంది. మట్టిలో సగం పూడిన గుండ్రాళ్లు మన దగ్గర అడుగడుగునా ఉంటాయి. మొరం మీద చక్కగా పక్కకు జారుతున్న టైరు అలాంటి రాయికి తగిలి ఠక్కున ఆగితే, అప్పటిదాకా జారడంలో ఖర్చవుతున్న వేగమంతా ఒక్కసారిగా బండిని తిరగదోస్తుంది. అందుకే కొత్త చోట నడపబోయే ముందు ఆ దారిని కాలినడకన ఒకసారి చూసుకోవాలి, రాళ్లు తీయించాలి, తీయలేని వాటికి సున్నం పూసి గుర్తు పెట్టాలి.

■ బాక్స్: మూడు చక్రాల బండి కథ

ఈ వాహనాల్లో బాగా ప్రచారంలోకి వచ్చిన మొదటి తరం మూడు చక్రాలవి. హోండా 1970లో బుడగ టైర్లతో మూడు చక్రాల బండిని అమెరికా మార్కెట్లో పెట్టింది. ముందు ఒకే చక్రం ఉండటంతో మలుపుల్లో ముందు మూలకు ఆసరా లేక అది తేలిగ్గా పడిపోయేది. 1980లలో గాయాలు, మరణాలు పెరిగాయి. 1988లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘంతో కుదిరిన ఒప్పందంతో పెద్ద కంపెనీలు కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశాయి. ఆ లోపే 1980ల తొలినాళ్లలో సుజుకీ నాలుగు చక్రాల ఏటీవీని తెచ్చింది. నాలుగో చక్రం ప్రమాదాన్ని తగ్గించింది, తీసివేయలేదు. 90 సీసీలు మించిన పెద్దల బండిని 16 ఏళ్ల లోపు పిల్లలు నడపరాదన్న హెచ్చరిక అప్పటి నుంచే ఆ బండ్లతో పాటు వస్తోంది.

కాళ్ల కింది రాయి ఏం చేస్తుంది?

నల్లగొండ, పాలమూరు నేల కింద ఉన్నది 250 కోట్ల ఏళ్లు పైబడిన గ్రానైటు, దాని సోదర శిలలు. రాచకొండ, దేవరకొండ గుట్టల మీద గుండు మీద గుండు పేర్చినట్టు కనిపించేది ఆ రాయే. ఎండకు, వానకు అది నెమ్మదిగా చితుకుతుంది. గ్రానైటులో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం నీటితో కలిసి బంకమట్టిగా మారుతుంది. ఇనుము ఉన్న ఖనిజాలు తుప్పు రంగునిస్తాయి, మన చెలకలకు ఎర్రదనం దాంతోనే వచ్చింది. మూడోది క్వార్ట్జ్, మనం పలుగురాయి అనేది. అది దేనికీ లొంగదు. రాయిలోంచి విడివడి, చిన్న ముక్కలై, చివరికి కంటికి ఆనని ధూళిగా మారినా దాని గట్టిదనం తగ్గదు.

ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో వజ్రానిది 10, క్వార్ట్జ్‌ది 7. మామూలు ఇనుము దీనికి చాలా కిందే ఉంటుంది. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుంది, అదీ అసలు సంగతి. పాలమూరు దుమ్ములో ఎగిరేది మెత్తని మట్టి మాత్రమే కాదు, ఇనుమును గీయగల కోట్లాది పలుగు ముక్కలు.

ఇంజిన్ పీల్చే గాలి

450 సీసీల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు పూర్తి బలంతో తిరుగుతోందనుకుందాం. రెండు చుట్లకు ఒకసారి ఊపిరి తీసుకుంటుంది కాబట్టి నిమిషానికి 3,000 సార్లు, ప్రతిసారీ అర లీటరుకు కొంచెం తక్కువ. మొత్తం నిమిషానికి దాదాపు 1,350 లీటర్ల గాలి. తీరిగ్గా కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది 6 నుంచి 8 లీటర్లే. పైగా ఈ ఇంజిన్ ఆ గాలిని పీల్చేది సొంత టైర్లు లేపిన దుమ్ములోంచి.

ఈ దుమ్ముకూ సిలిండరుకూ మధ్య ఉన్న అడ్డు ఎయిర్ ఫిల్టరు ఒక్కటే. స్పోర్ట్ ఏటీవీల్లో ఇది ఎక్కువగా ఫోమ్‌తో, అంటే రంధ్రాలున్న స్పాంజితో చేసినదై ఉంటుంది. స్పాంజి రంధ్రాలు దుమ్ము రేణువుల కన్నా పెద్దవి. అయినా దుమ్ము ఆగుతుందంటే కారణం దానికి పట్టించిన జిగురు నూనె. గాలి వంకరటింకర దారుల్లో మలుపులు తిరుగుతూ పోతుంది. బరువున్న రేణువులు అంత చురుగ్గా మలగలేక గోడలకు తగిలి నూనెకు అంటుకుపోతాయి. నూనె ఎండిపోయిన ఫిల్టరు చూడటానికి శుభ్రంగా ఉన్నా దుమ్మును ఆపలేదు.

దాటి లోపలికి పోయిన ధూళి పిస్టన్ రింగులకూ సిలిండరు గోడకూ మధ్య చేరుతుంది. ఇంజిన్ ఆయిల్‌తో కలిసి, లేత్ షాపుల్లో వాల్వులు అరగదీసే పేస్టులా మారుతుంది. రింగులు అరిగేకొద్దీ పైన మండిన వాయువు కిందికి, కింది ఆయిల్ పైకి జారతాయి. బలం తగ్గుతుంది, స్టార్ట్ కావడం కష్టమవుతుంది, సైలెన్సర్‌లోంచి నీలి పొగ వస్తుంది. అప్పుడు సిలిండరు బోరింగ్‌కో, కొత్త పిస్టన్ కిట్‌కో పెట్టే ఖర్చుతో ఎన్నో ఏళ్లకు సరిపడా ఫిల్టర్లు కొనవచ్చు.

ఆయిల్ విషయంలోనూ దుమ్మును లెక్కలోకి తీసుకోవాలి. ఈ బండ్ల సర్వీసును కిలోమీటర్లలో కాక నడిచిన గంటల్లో లెక్కిస్తారు. మాన్యువల్లో దుమ్ము ప్రాంతాలకు ఇచ్చిన తక్కువ గడువే మనకు వర్తిస్తుంది. ఇంకొక జాగ్రత్త: చాలా స్పోర్ట్ ఏటీవీల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. జారుడు పెంచే రసాయనాలున్న కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అనే గుర్తున్న మోటార్ సైకిల్ ఆయిలే పోయాలి.

■ బాక్స్: ఫోమ్ ఫిల్టరు శుభ్రం చేసే వరుస

1. ఫిల్టరు తీసే ముందు పెట్టె మూత చుట్టూ దుమ్ము తుడవాలి. తీశాక ఇంజిన్‌కు పోయే గొట్టం నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి.
2. ఫిల్టరు క్లీనర్‌తో పాత నూనె వదిలించాలి. పెట్రోలు వాడొద్దు, అది ఫోమ్ అతుకులను వదులు చేస్తుంది, నిప్పు ప్రమాదమూ ఉంది.
3. సబ్బు నీళ్లతో కడిగి, అరచేతుల మధ్య నొక్కి నీళ్లు తీయాలి. మెలితిప్పి పిండితే ఫోమ్ చిరుగుతుంది.
4. నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. చిరుగులున్నాయేమో వెలుతురుకు పట్టి చూడాలి.
5. ఫిల్టరు నూనె అంతటా సమానంగా పట్టించి, ఎక్కువైంది నొక్కి తీసేయాలి.
6. అంచుకు పల్చగా గ్రీజు రాసి బిగించాలి. అంచు దగ్గర సందుంటే ఫిల్టరు ఉండీ లేనట్టే.

ఎండాకాలం దుమ్ములో నడిపితే ప్రతి రోజూ సాయంత్రం ఫిల్టరు చూడాలి. రెండు ఫిల్టర్లు కొనిపెట్టుకుంటే ఒకటి ఆరుతుండగా ఇంకొకటి వాడవచ్చు.

మే నెల ఎండ, బోరు నీళ్లు

మే నెలలో మన దగ్గర ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. రేడియేటరు పని లోపలి వేడిని బయటి గాలికి అప్పగించడం. బయటి గాలే అంత వేడిగా ఉంటే తీసుకోగల వేడి తగ్గుతుంది. రాళ్ల మధ్య నెమ్మదిగా నడుపుతుంటే రేడియేటరుకు తగిలే గాలి ఇంకా తగ్గుతుంది. ఎర్రమట్టి పట్టి రేకుల మధ్య సందులు మూసుకుపోతే ఫ్యాను తిరుగుతున్నా లాభం లేదు. రేకులను ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్లతో కడగాలి. సర్వీసింగ్ షెడ్డులోని ప్రెషర్ గన్ పెడితే పల్చని రేకులు వంగిపోతాయి. అదే గన్ బేరింగుల సీళ్లను దాటించి లోపలికి నీళ్లు పంపుతుంది, లోపలి గ్రీజు పాడవుతుంది.

రేడియేటరులో ఏం పోస్తున్నామన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. నల్లగొండ అనగానే దేశానికి గుర్తొచ్చేది ఫ్లోరైడ్ బాధ. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించేందుకు నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. ఆ ఫ్లోరైడ్ వచ్చింది గ్రానైటులోంచే. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. రేడియేటరుకు హాని చేసేది ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్లలో దానితో పాటు కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీరు వేడెక్కినప్పుడు అవి తెల్లని పొరగా లోపలి గోడలకు పేరుకుంటాయి. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు, సన్నని గొట్టాలను మూసేస్తుంది. కలిపి అమ్మే కూలెంట్ పోయాలి, లేదా చిక్కని కూలెంట్‌లో బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ నీళ్లు కలపాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయడం అసలే వద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న ద్రవం మూత తెరవగానే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

టైర్లు, ముళ్లు, చైను

మోటార్ సైకిల్ టైరులో గాలి సుమారు 25 నుంచి 35 పీఎస్‌ఐ ఉంటుంది. స్పోర్ట్ ఏటీవీ టైరులో చాలా మోడళ్లకు 4 నుంచి 7 మాత్రమే. ఇంత తక్కువ గాలితో టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది, చిన్న రాయిని తనలోకి ఇముడ్చుకుంటుంది, దుబ్బ నేలలో కూరుకుపోదు. బంకులోని మీటరు ఇంత తక్కువ ఒత్తిడిని సరిగ్గా చూపలేదు, తక్కువ ఒత్తిడిని కొలిచే చిన్న గేజి విడిగా కొనాలి. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎడమ, కుడి టైర్లలో గాలి తేడా ఉంటే వాటి చుట్టుకొలతలు మారతాయి. ఇరుసు ఒకటే కాబట్టి బండి నేరు దారిలోనూ పక్కకు లాగుతుంది.

సర్కారు తుమ్మ ముల్లు మన ప్రాంతంలో తప్పదు. ఈ టైర్లు ఎక్కువగా ట్యూబ్‌లెస్ కాబట్టి పంక్చర్ ప్లగ్గుల కిట్, చిన్న గాలి పంపు వెంట ఉండాలి.

చైను మీద చిక్కని గ్రీజు పూయడం మంచిదనుకుంటారు కొందరు. దుమ్ము నేలలో ఆ గ్రీజుకు పలుగు రేణువులు అంటుకుని చైనును, స్ప్రాకెట్ పళ్లను కలిపి అరగదీస్తాయి. చైను కడిగి, ఆరాక, చైను కోసమే అమ్మే పల్చని లూబ్ కొట్టి, పైపై తడి తుడిచేయాలి. కృష్ణా నది ఒడ్డు వైపు రేగడి నేలల్లో చిక్కు వేరు. ఆ బంకమట్టి తడిసి ఉబ్బి స్ప్రాకెట్ల చుట్టూ పేరుకుంటుంది, ఆరితే గట్టిపడుతుంది. తడిగా ఉన్నప్పుడే దాన్ని వదిలించాలి.

వాగు దాటేటప్పుడు ఒక్క సంగతి గుర్తుండాలి. గాలికి బదులు నీళ్లు సిలిండరులోకి పోతే, నీరు నొక్కితే నలిగేది కాదు కనుక పిస్టన్ కింది కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీటి లోతు ఎయిర్ ఫిల్టరు పెట్టె కన్నా బాగా కింద ఉందని తెలిస్తేనే దిగాలి. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకుండా ఒడ్డుకు తోసుకు రావాలి.

కొనే ముందు చట్టం

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపరాదు. మన దేశంలో అమ్మే స్పోర్ట్ ఏటీవీలు రోడ్డు వాహనాలుగా ఆమోదం పొందినవి కావు, వాటికి నంబరు ప్లేటు రాదు. పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 లాంటి పనిబండిని ట్రాక్టర్ వర్గం కింద రోడ్డుకు తగినట్టు తెచ్చారు కానీ అది స్పోర్ట్ ఏటీవీ కాదు. కాబట్టి ఊరి రోడ్డు మీదుగానైనా, పక్క చేనుకైనా దీన్ని ట్రాలీలోనో, మినీ ట్రక్కులోనో తీసుకుపోవాల్సిందే. రోడ్డు మీద ప్రమాదం జరిగితే బీమా ఆదుకోదు. మైనరుకు వాహనం ఇస్తే సంరక్షకులకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడేలా 2019 సవరణలో సెక్షన్ 199ఏ చేర్చారు.

ధర చూసే ముందు విడిభాగాల సంగతి అడగాలి. ఎయిర్ ఫిల్టరు, బ్రేక్ ప్యాడ్లు, చైను కిట్, వెనుక ఇరుసు బేరింగులు హైదరాబాద్‌లో దొరుకుతాయా? తెప్పించాలంటే ఎన్ని రోజులు? దీనికి స్పష్టమైన జవాబు రాని బండిని, ఎంత చవకైనా, వదిలేయడం మేలు. హెల్మెట్, కళ్లద్దాలు, చీలమండ దాటే బూట్లు, చేతి తొడుగులు, వీటి ఖర్చును బండి ధరలోనే కలిపి లెక్కేసుకోవాలి.

■ బాక్స్: పాత బండిని చూసే వరుస

ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచారంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడంలో ఇబ్బంది ఉండి ఉండవచ్చు.

ఫిల్టరు తీసి, దాని వెనుక ఇంజిన్‌కు పోయే గొట్టం లోపల తెల్లని గుడ్డతో తుడవండి. గుడ్డకు ఎర్రమట్టి అంటితే ఆ ఇంజిన్ దుమ్ము తిన్నట్టే. అక్కడితో బేరం ఆపేయవచ్చు.

ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. పొగ నీలంగా ఉంటే రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి.

ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత పక్కలకు. టకటక కదిలితే బేరింగులో, బాల్ జాయింట్లో, స్టీరింగ్ రాడ్లో పోయాయి.

వెనుక భాగం ఎత్తి చక్రాలు తిప్పండి. అంచు పక్కకు ఊగుతూ తిరిగితే రిమ్మో ఇరుసో వంగింది. స్ప్రాకెట్ పళ్లు ఒక వైపు కొక్కెంలా వంగితే చైను కిట్ మొత్తం మార్చాలి.

ఫ్రేము వెల్డింగుల దగ్గర పగుళ్లు, కొత్తగా పెయింటు పూసిన చోట్లు చూడండి. చివరగా చాసిస్ నంబరు, బిల్లు, దిగుమతి కాగితాలు సరిపోల్చండి.

ఎక్కడ నడపాలి, ఎక్కడ వద్దు

సొంత భూమిలో, గుండ్రాళ్లు తీసేసిన, కంచె వేసిన ట్రాక్ ఉత్తమం. అడవి వద్దు. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది. అక్కడ అనుమతి లేకుండా బండి తోలడం వన్యప్రాణి చట్టం కింద నేరం. గుట్టల మీద, చెరువు శిఖం భూముల్లో నేల మీదే గుడ్లు పెట్టే పక్షులుంటాయి, మేతకు వచ్చిన గొర్రెల మందలుంటాయి, అక్కడా వద్దు.

చెరువు కట్ట ఎక్కడం సరదాగా ఉంటుంది కానీ దాని నష్టం ఊరందరిది. టైర్లు గీసిన చాళ్లలోకి వాన నీరు చేరి వేగం పుంజుకుంటుంది. ఒక వానాకాలంలో ఆ చాలు కాలువ అవుతుంది, కట్ట కోసుకుపోవడం అక్కడ మొదలవుతుంది. మిషన్ కాకతీయ పథకంలో పూడిక తీసి బాగుచేసుకున్న చెరువుల కట్టల మీద ఈ బండి ఎక్కకూడదు.

నడిపేవాళ్ల ఊపిరితిత్తుల గురించీ ఆలోచించాలి. సిలిండరును గీసే పలుగు ధూళే మనిషి ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు పడేలా చేస్తుంది. క్వార్ట్జ్ ధూళిని క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 1997లోనే ప్రకటించింది. ముందు బండి లేపిన దుమ్ము చల్లారేంత ఎడం ఉంచి నడపాలి. ట్రాక్ మీద నీళ్లు చల్లాలి. మంచి మాస్కు కట్టుకోవాలి. వారానికి ఒకసారి నడిపే యజమాని కన్నా, రోజంతా ట్రాక్ దగ్గర నిలబడే రిసార్టు పనివాళ్లకు ఈ రక్షణ ఎక్కువ అవసరం. అది కల్పించే బాధ్యత యజమానిదే.

ఒక బండి నేర్పే పాఠం ఊరందరికీ

స్పోర్ట్ ఏటీవీ కొద్దిమంది కొనగలిగే వస్తువు. దాని ఇంజిన్‌ను తినే దుమ్ము మాత్రం అందరిదీ. చెలక దున్నే ట్రాక్టరూ, వరి కోసే హార్వెస్టరూ, బోరు వేసే లారీ మీది కంప్రెసరూ, పాలు పోయడానికి మొరం బాట మీద పోయే రైతు బైకూ అదే గాలిని పీలుస్తాయి. వాటిలో రేడియేటరు ఉన్నవాటిలోనూ చాలాచోట్ల బోరు నీళ్లే పోస్తారు. ఇంజిన్ త్వరగా పోతే కంపెనీనో, మేస్త్రీనో, తలరాతనో తిడతాం. ఫిల్టరు అంచు దగ్గరి సందును, రేడియేటరులో పేరుకున్న తెల్లని పొరను చూసేవాళ్లు తక్కువ.

ఈ ప్రాంతపు ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో మెకానిక్ చదువు చదివే పిల్లలకు గ్రానైటు గురించి, పలుగు ధూళి గురించి, స్థానిక నీటి గురించి ఒక పాఠం తప్పకుండా ఉండాలి. జపాన్‌లోనో, అమెరికాలోనో రాసిన సర్వీసు పుస్తకానికి మన నేల తెలియదు. దాన్ని మన నేలకు తగ్గట్టు చదివి చెప్పే మెకానిక్ ఊరికి ఒకరున్నా రైతుకు ఏటా మిగిలే ఖర్చు చిన్నది కాదు. ఏటీవీ కొనే స్తోమత ఉన్నవాళ్లు ఆ పని మొదలుపెట్టవచ్చు: తమ బండి ఫిల్టరు శుభ్రం చేసిన రోజున తోటలోని ట్రాక్టరు ఫిల్టరు కూడా తీయించి చూడాలి, ఆ పని ఎలా చేయాలో పనివాళ్లకు దగ్గరుండి నేర్పించాలి.